క్లాండన్ పార్క్: కప్పు వెయ్యాలా, గోడలు చాలా?

2015 ఏప్రిల్ 29న ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, గిల్డ్‌ఫర్డ్ పక్కనున్న క్లాండన్ పార్క్ నేలమాళిగలో ఒక విద్యుత్ పంపిణీ బోర్డు అంటుకుంది. లిఫ్ట్ తిరిగే ఖాళీ గుండా మంట పైకి పాకి కప్పును పట్టుకుంది. మర్నాటికి నాలుగు వైపులా ఎర్ర ఇటుక గోడలు నిలిచాయి. కప్పు, అంతస్తులు, ఒకటి తప్ప దాదాపు అన్ని గదులూ బూడిదయ్యాయి. ఆ ఇల్లు 1956 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే చారిత్రక కట్టడాల రక్షణ సంస్థ చేతిలో ఉంది. 2016 జనవరిలో ట్రస్ట్ కింది అంతస్తులోని ముఖ్యమైన గదులను మునుపటిలా కడతానంది. 2022 జులైలో మాట మార్చింది: కాలిన గోడలను కాలినట్టే కాపాడతాం, లోపల నడకదారులు వేస్తాం, పై కప్పు మీదికి జనాన్ని ఎక్కనిస్తాం అంది. పాత కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఆ రోజు నుంచి రెండుగా చీలారు. కింద వాదించుకునే ఇద్దరికీ ఆ ఇల్లంటే ఇష్టమే.

కట్టాలనేవారు: ముందు పోయిందేమిటో చెప్పుకుందామండీ. బయటినుంచి చూస్తే క్లాండన్‌ది ఏమంత అందం కాదు. నలుచదరపు ఎర్ర ఇటుక కట్టడం, పచ్చిక మధ్య కాస్త మొరటుగానే ఉండేది. గీసింది జాకొమో లియోని అనే వెనిస్ వాస్తుశిల్పి. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో రాసిన వాస్తుగ్రంథాన్ని 1715 నుంచి భాగాలుగా ఇంగ్లిషులో అచ్చువేయించి, ఇంగ్లండు జమీందార్లకు రోమన్ స్తంభాల పిచ్చి పట్టించినవాళ్ళలో ఆయనొకడు. 1730ల ప్రాంతంలో రెండో లార్డ్ ఆన్‌స్లో, థామస్, పూర్వీకుల ఇల్లు పడగొట్టించి ఆయన చేత ఇది కట్టించాడు.

గుమ్మం దాటగానే మార్బుల్ హాల్. రెండంతస్తుల ఎత్తు, ఎటు కొలిచినా దాదాపు 40 అడుగులు, అంతా తెలుపు. సీలింగు నిండా గచ్చు బొమ్మలు. స్విట్జర్లాండులో ఇటాలియన్ మాట్లాడే టిచీనో నుంచి వచ్చిన గచ్చు శిల్పులు ఆర్తారి, బగూతీల పనిగా చెబుతారు. కొన్ని బొమ్మల కాళ్ళు సీలింగు అంచు దాటి గాల్లోకి వేలాడుతుండేవి. కింద నిలబడ్డవాడికి మీద పడతాయేమో అనిపించేది. ఫైర్‌ప్లేసుల మీద రిస్‌బ్రాక్ అనే శిల్పి చెక్కిన పాలరాతి ఫలకాలు. మొరటు ఇటుక చూసి లోపలికొచ్చినవాణ్ణి ఒక్క అడుగులో ఈ తెల్లటి వైభవంలోకి నెట్టడం లియోని పన్నిన ఎత్తు. ఇప్పుడు బయటా ఇటుకే, లోపలా ఇటుకే. ఇలాగే ఉంచేస్తే ట్రస్ట్ కాపాడుతున్నది లియోని ఇంటిని కాదు, ఒక ప్రమాదాన్ని.

వద్దనేవారు: మాట బాగుంది. కానీ 2015 ఏప్రిల్ 28న అక్కడున్నది లియోని ఇల్లేనా? ఆన్‌స్లో వంశపు మూడో ఎర్ల్ ఆ ఇంట్లో కాపురమే పెట్టలేదు, దశాబ్దాల పాటు పాడుబెట్టాడు. నాలుగో ఎర్ల్ 1870ల్లో వచ్చి బాగుచేయించుకుని, గుర్రపుబండ్లు ఆగడానికి ముందు వైపు కొత్త ముఖద్వారం తగిలించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అది గాయపడ్డ సైనికుల ఆసుపత్రి. రెండో యుద్ధంలో లండన్ నుంచి తరలించిన ప్రభుత్వ దస్తావేజులు అక్కడే దాచారు. ట్రస్ట్ చేతికొచ్చాక, 1960ల చివర, జాన్ ఫౌలర్ అనే అలంకరణ నిపుణుడు గోడల రంగులు గీకి పాత ఛాయలు వెతికి మళ్ళీ వేయించాడు. సందర్శకులు మురిసిపోయిన కుర్చీలు, పింగాణీ పక్షులు చాలావరకు ఆన్‌స్లో కుటుంబానివి కావు. గబ్బే అనే సంపన్నురాలు పోగుచేసి, వీలునామాలో ట్రస్ట్‌కు వదిలి వెళ్ళినవి.

మరి మీరు కట్టేది ఏ క్లాండన్? 1730ల నాటిదా, 1876 నాటిదా, ఫౌలర్ రంగులేసినదా? ఏది ఎంచుకున్నా ఆ ఎంపిక ఈ శతాబ్దపు కమిటీది. పునరుద్ధరణ పేరిట జరిగేది కట్టడానికి కలిగే నాశనాల్లోకెల్లా ఘోరమైనదని జాన్ రస్కిన్ 1849లోనే వాదించాడు. విలియం మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల రక్షణకు సంఘం పెట్టింది కూడా ఆ మాట మీదే: మరమ్మతు చెయ్యండి, పాతదానిలా నటించేది మాత్రం కట్టకండి.

కట్టాలనేవారు: మోరిస్ కోపం ఎవరి మీదో మరిచిపోకూడదు. నిలిచి ఉన్న మధ్యయుగపు చర్చిల పైపూత గీకేసి, అసలు రాతిని పోగొట్టి, తాము ఊహించుకున్న గోథిక్ తొడిగినవాళ్ళ మీద. వాళ్ళు చెరిపింది నిజాన్ని. క్లాండన్‌లో చెరపడానికి ఏం మిగిలింది? చెరిపే పని మంట ముందే చేసింది.

వద్దనేవారు: మసి పట్టిన ఇటుక మిగిలింది. దాని మీద కొత్త గచ్చు పులిమితే అదీ చెరిపినట్టే. మేం మరమ్మతుకు అడ్డు కాదండీ. హైదరాబాదు కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ఉంది, మద్రాసు ఇంజినీరు శామ్యూల్ రస్సెల్ గీసినది. ముందు వరుసగా నిలిచిన ఆ కొరింథియన్ స్తంభాలు లియోని అచ్చువేయించిన పుస్తకాల సంతతే. మహిళా కళాశాల ఆవరణలో అది శిథిలమవుతుంటే ప్రపంచ కట్టడాల నిధివాళ్ళు పూనుకుని బాగుచేయించారు. మంచి పని. అక్కడ మేస్త్రీ కళ్ళెదుట అసలు ఉంది, చెయ్యి పెట్టి తడిమి చూసి పక్కన అతికాడు. క్లాండన్ మేస్త్రీ ఏం తడుముతాడు? ఫోటోని.

కట్టాలనేవారు: అప్‌పార్క్‌లో ఏం తడిమారో చూద్దాం. పశ్చిమ ససెక్స్‌లో గుట్ట మీద 1690 ప్రాంతంలో కట్టిన ఇల్లు. రచయిత హెచ్.జి. వెల్స్ తల్లి అక్కడ ఇల్లు చూసుకునే ఉద్యోగిని. పిల్లవాడిగా వెల్స్ ఆ ఇంటి పుస్తకాలు చదువుకున్నాడు. 1989 ఆగస్టు 30న, కప్పు మరమ్మతులు ఇంకో రెండు మూడు రోజుల్లో అయిపోతాయనగా, సీసం రేకులు అతికే పనివాళ్ళ బ్లోటార్చి వల్ల నిప్పంటుకుంది. పై అంతస్తులు కూలిపోయాయి. కూల్చేయమన్నవాళ్ళున్నారు, శిథిలంగా వదిలేయమన్నవాళ్ళున్నారు. ట్రస్ట్ మాత్రం ముఖ్యమైన గదుల్ని మంటకు ముందు రోజు ఎలా ఉన్నాయో అలా కడదామంది. బూడిదను వేల చెత్తడబ్బాల్లోకి ఎత్తి జల్లెడ పట్టారు. తలుపు పిడులు, షాండిలియర్ గాజు పూసలు, గచ్చు పూల ముక్కలు ఏరారు. 1995లో తలుపులు తెరిచారు.

అసలు లాభం ఆ తర్వాత తెలిసింది. సున్నపు గచ్చును అచ్చుల్లో పోయకుండా, తడి ఆరేలోపు వేళ్ళతోనూ చిన్న తాపీలతోనూ సీలింగుకే అద్ది పూలూ ఆకులూ తీర్చే విద్య అప్పటికి ఇంగ్లండులో దాదాపు మూలనపడింది. అప్‌పార్క్ పనివాళ్ళు దాన్ని మళ్ళీ నేర్చుకున్నారు. పని ఉంటేనే విద్య. పెద్ద పని లేకపోతే ఎవడూ పదేళ్ళు కూర్చుని గచ్చు నేర్చుకోడు.

వద్దనేవారు: అప్‌పార్క్ విజయమే. దాన్ని తక్కువ చేస్తే అబద్ధమవుతుంది. కానీ రెండు మంటల తీరు వేరండీ. అప్‌పార్క్‌లో నిప్పు కప్పు మీద పుట్టి మెల్లగా కిందికి దిగింది. కింది గదుల్లోంచి చిత్రాలు, బల్లలు, తివాచీలు మోసుకురావడానికి, గోడల మీది వాల్‌పేపర్ చించి తేవడానికి కూడా వ్యవధి దొరికింది. సామాను చాలావరకు దక్కింది. గదుల గోడలు, చెక్కపని కొంత నిలిచాయి. అంటే అక్కడ కట్టింది, దక్కిన సామానుకు మళ్ళీ ఒక నీడ. క్లాండన్ నిప్పు కాళ్ళ దగ్గర పుట్టి నెత్తికెక్కింది. అంతస్తులు ఒకదాని మీద ఒకటి కూలి నేలమాళిగలో పడ్డాయి. చేతికొచ్చినవి కొన్ని వందల వస్తువులే.

సర్రే సైనిక దళాల ప్రదర్శనశాల కూడా ఆ నేలమాళిగలోనే ఉండేది. 1916 జులై 1న సోమ్ యుద్ధంలో కెప్టెన్ నెవిల్ తన జవాన్లకు బంతులిచ్చి, తన్నుకుంటూ ముందుకు పొమ్మన్నాడు. ఆ రోజే ఆయన చనిపోయాడు. ఆ బంతుల్లో ఒకటి క్లాండన్‌లో ఉండేది, కాలిపోయింది. దాన్ని మళ్ళీ కుట్టించి గాజు బీరువాలో పెడదామని ఎవరైనా అన్నారా? అనరు. తోలుబంతికి ఒప్పుకోని పనిని సీలింగుకు ఎందుకు ఒప్పుకుంటున్నాం?

కట్టాలనేవారు: ఎందుకంటే బంతి విలువ అది ఆ పొలంలో దొర్లడంలో ఉంది. సీలింగు విలువ దాని రూపంలో ఉంది. త్యాగరాజ కృతిని త్యాగరాజే పాడనక్కర్లేదు కదా. శిష్యుల నోట, వాళ్ళ శిష్యుల నోట అది మళ్ళీ పుడుతుంది. ఇది నకలు కృతి అని సభలో లేచి వెళ్ళిపోయేవాడు లేడు. వాస్తు కూడా అంతే. లియోని తన చేత్తో ఒక్క ఇటుక పెట్టలేదు. గీత గీశాడు, కొలతలిచ్చాడు, తక్కినది మేస్త్రీలు చేశారు. ఆ కొలతలు ఇప్పటికీ గోడల్లోనే ఉన్నాయి. గది ఎత్తూ వెడల్పూ పోలేదు. దానికి మళ్ళీ గొంతు ఇవ్వమంటున్నాం, అంతే.

వద్దనేవారు: మంచి ఉపమానమే, దాంతోనే జవాబిస్తాను. కృతికి సాహిత్యం ఉంది, రాగతాళాలు నిర్ణయమై ఉన్నాయి, పాడి వినిపించే గురుపరంపర ఉంది. ఆ చట్రంలో గాయకుడు తన మనోధర్మం చూపిస్తాడు. లియోని గీసిన గది చట్రం వరకు మీ మాట నిజం. ఆర్తారి గచ్చు మాత్రం ఆ మనోధర్మమే. తడి సున్నం ఆరేలోపు ఆ నిమిషాన వేళ్ళు ఎటు తిరిగితే అది బొమ్మ. ఒకనాటి కచేరీలో ఒక విద్వాంసుడు పాడిన ఆలాపనను మూడొందల ఏళ్ళ తర్వాత ఫోటో చూసి పాడమంటే, పాడేవాడు అనుకరిస్తాడు తప్ప ఆలపించలేడు. కొత్త గాయకుడు తన ఆలాపన తాను పాడుకోవాలంటే సరే, మాకు అభ్యంతరం లేదు. క్లాండన్ సీలింగుకు ఈ కాలపు శిల్పి తన బొమ్మలు చెయ్యనివ్వండి. మీరు ఒప్పుకుంటారా?

కట్టాలనేవారు: కొన్ని గదులకు ఒప్పుకుంటాను. విండ్సర్ కోటలో అదే చేశారు. 1992 నవంబర్‌లో కాలితే 1997 నవంబర్‌కల్లా పూర్తిచేశారు. క్రిమ్సన్ డ్రాయింగ్ రూమ్ లాంటివి మునుపటిలా తీర్చారు. సెయింట్ జార్జ్ హాలుకు మాత్రం పాత కప్పుకు నకలు చెయ్యకుండా, గైల్స్ డౌన్స్ రూపకల్పనలో పచ్చి ఓక్ దూలాలతో కొత్త కప్పు వేశారు. క్లాండన్‌లో మేడ మీది పడకగదులు పోయినవి పోయాయి, వాటికోసం పట్టుబట్టను. మార్బుల్ హాల్‌కు మాత్రం ఒప్పుకోను. ఆ బొమ్మల ఫోటోలు ఉన్నాయి, శిథిలాల్లోంచి ఏరిన ముక్కలు ఉన్నాయి. అనుకరణ అన్నారు, శిల్పి మొదట నేర్చుకునేది అనుకరించే కదా.

అప్‌పార్క్ గురించి కట్టాలనేవారు చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది. మంటకు ముందు రోజులా ఉండాలన్న నియమం పెట్టుకున్నాక, ఆ ఇంటి వెలిసిపోయిన అందాన్ని కూడా తిరిగి తేవాల్సి వచ్చింది. చించి కాపాడిన పాత వాల్‌పేపర్ ముక్కల పక్కన కొత్తగా అచ్చువేసిన కాగితాన్ని ఆ వెలిసిన రంగుకు దించారు. రెండొందల ఏళ్ళ ఎండ చేసిన పనిని కొన్ని నెలల్లో చేతితో చేశారన్నమాట. అది నైపుణ్యమా, మోసమా అన్నదానికి జవాబు చూసేవాడిని బట్టి ఉంటుంది. అక్కడ తిరిగేవాళ్ళకు మాత్రం ఏ చదరం పాతదో, ఏది కొత్తదో తెలియదు. వద్దనేవారి అసలు అనుమానం ఇక్కడే.

వద్దనేవారు: శిథిలం ఏం చూపిస్తుందని అడగరేమిటి? పల్లె జమీందారు మేడ అంటే ఇంగ్లండులో జనం వరుసగా గదులు తిరిగి, తాడుకి అవతలినుంచి మంచాలు చూసి, టీ తాగి వెళ్ళిపోతారు. గోడ లోపల ఏముందో ఎవరూ చూడలేదు. క్లాండన్‌లో ఇప్పుడు కనిపిస్తుంది. ఒక్కో ఫైర్‌ప్లేస్ నుంచి పొగ ఎటు మళ్ళి ఎలా పైకి వెళ్ళేదో, ద్వారాల మీద బరువు మోయడానికి ఇటుక కమానులు ఎలా కట్టారో, పాలరాయి అనుకున్న చోట వెనకాల చెక్క బద్దలు కొట్టి వాటి మీద సున్నం ఎలా పూశారో అన్నీ బట్టబయలు. సామాను లేని ఆ ఇంట్లో ఇప్పుడు కనిపించేది మేస్త్రీ, వడ్రంగి, కూలీ. ఆన్‌స్లోల గురించి మూడొందల ఏళ్ళు మాట్లాడాం, ఇక వీళ్ళ గురించి మాట్లాడదాం. ఇలా నిలువునా తెరుచుకున్న పద్దెనిమిదో శతాబ్దపు ఇల్లు చూద్దామంటే ఇంకోటి దొరకడం కష్టం.

ఇల్లు కట్టిన డబ్బు సంగతి కూడా ఉంది. థామస్ ఆన్‌స్లో భార్య ఎలిజబెత్ నైట్. జమైకాలో బానిసల చెమట మీద పోగుపడ్డ సొత్తు ఆమెకు వారసత్వంగా వచ్చింది. తన ఇళ్ళకూ వలస పాలనకూ బానిస వ్యాపారానికీ ఉన్న సంబంధాల మీద ట్రస్ట్ 2020లో వెలువరించిన నివేదికలో క్లాండన్ ఉంది. ఆ సీలింగును మళ్ళీ అదే మెరుపుతో పూయడం అంటే...

కట్టాలనేవారు: అక్కడ ఆగండి. ఇది మీ వాదనలో అన్నిటికన్నా బలహీనమైన చోటు. జమైకా డబ్బు ఎక్కడికి పోయిందో చూడాలంటే సీలింగునే చూడాలి. కాలిన ఇటుక గోడకు నేరం ఏం తెలుసు? అది ఏ మిల్లు గోడైనా కావచ్చు. ఆ పాలరాయి, ఆ గచ్చు కళ్ళెదుట ఉన్నప్పుడే, వీటికి ఎవరు మూల్యం చెల్లించారు అని పదేళ్ళ పిల్లవాడికి కూడా అడగాలనిపిస్తుంది. వైభవం పోయాక మిగిలేది జాలి. యజమాని మీద జాలి! బానిసల శ్రమతో కట్టిన ఇంటిని చూసి అయ్యో పాపం అనిపించేలా చేస్తున్నది మీ శిథిలమే.

ఇంకో మాట. శిథిలాన్ని ఆస్వాదించడం అసలు ఎవరి రుచి? ఆ జమీందార్లదే. 1740ల్లో హ్యాగ్లీ పార్కులో శాండర్సన్ మిల్లర్ చేత, పుట్టుకతోనే కూలిపోయిన కోట ఒకటి కట్టించారు. డ్రాయింగ్ రూమ్ కిటికీలోంచి చూసి ఆహా అనుకోవడానికి. మీరు కూలీ పేరు చెప్పి ప్రభువుల పాత సరదాకే టికెట్టు పెడుతున్నారు.

వద్దనేవారు: ... ఇది తగిలింది. ఒప్పుకుంటున్నాను. డబ్బు జాడ చూపడానికి మెరుపే మెరుగైన సాక్షి కావచ్చు. కానీ సాక్షి అసలుదై ఉండాలి. కొత్తగా బీమా సొమ్ముతో పూసిన సీలింగు జమైకా డబ్బుతో పూసింది కాదుగా. ఆ తోటలో అసలైన సాక్షి ఒకటి మంట తర్వాత కూడా నిలిచింది. మంట దాని జోలికి పోలేదు. హినెమిహి అనే మావోరీల సమావేశ గృహం. 1886లో న్యూజిలాండులో తరవేరా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు తే వైరోవా పల్లె బూడిదలో కూరుకుపోయింది. ఆ ఇంట్లో తలదాచుకున్నవాళ్ళు బతికారు. గవర్నరుగా అక్కడ పనిచేసిన నాలుగో ఎర్ల్ 1892లో దిగిపోతూ, జ్ఞాపకంగా 50 పౌండ్లకు కొని, విప్పించి, ఓడలో తెచ్చి క్లాండన్ తోటలో నిలబెట్టుకున్నాడు. ఆ చెక్కడాలను వెనక్కి పంపడానికి ట్రస్ట్ ఒప్పుకుంది. ఇంటి కథలో కొంత భాగం ఇంటికి తిరిగి వెళ్ళిపోతున్నప్పుడు, తక్కినదాన్ని ఏమీ జరగనట్టు కుట్టేసి చూపడం ఏం న్యాయం?

కట్టాలనేవారు: హినెమిహిని పూర్వీకుల ఇల్లుగా భావించే మావోరీలు ఏమంటారో గమనించారా? వాళ్ళకు సమావేశ గృహం పూర్వీకురాలి శరీరం. అది పాడైతే బాగుచేసుకుంటారు, చెక్కడం పోతే తగిన శిల్పి చేత మళ్ళీ చెక్కించుకుంటారు. అసలు పదార్థం ఒక్కటే నిజమన్న సిద్ధాంతం రస్కిన్ నాటి ఇంగ్లండుది. ప్రపంచమంతా దాన్ని ఒప్పుకోలేదు. యుద్ధంలో నేలమట్టమైన వార్సా పాత నగరాన్ని పోలండువాళ్ళు మళ్ళీ కట్టుకుంటే, 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2019లో కాలిన పారిస్ నోత్రదామ్ 2024 డిసెంబర్‌లో తెరుచుకుంది. ఓక్ వాసాలను గొడ్డలితో చెక్కించి మరీ వేశారు. నకలు అని ముఖం తిప్పుకున్నవాళ్ళెందరు?

వద్దనేవారు: నోత్రదామ్‌లో పూజ జరుగుతుంది. వార్సాలో జనం కాపురముంటారు. ఊరివాళ్ళకు తమ ఊరు కావాలి, కట్టుకున్నారు. క్లాండన్‌లో ఎవరుంటారండీ? ఆన్‌స్లోలు వెళ్ళిపోయి ఏళ్ళయింది. కట్టాక మళ్ళీ తాడు, మళ్ళీ టికెట్టు. అయితే మీ పక్షాన ఒక మాట నేనే అంటాను. వారిక్‌షైర్‌లో ఆస్ట్‌లీ కోట 1978లో కాలింది. చాలాకాలం శిథిలంగా పడి ఉన్నాక ల్యాండ్‌మార్క్ ట్రస్ట్‌వాళ్ళు పాత గోడల మధ్య కొత్త ఇటుకతో కొత్త ఇల్లు అల్లించారు. పాతది ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. 2013లో దానికి వాస్తుకళకిచ్చే స్టిర్లింగ్ బహుమతి వచ్చింది. జనం అక్కడ రాత్రి పడుకుంటారు, వండుకుంటారు. క్లాండన్‌కు అలాంటిదేదైనా అయితే నేను ముందు వరసలో కూర్చుంటాను.

కట్టాలనేవారు: ఇక ట్రస్ట్ పథకంలో ఉన్నదేమిటో చూడండి. కొత్త కప్పు, నడకదారులు, మెట్లు, లిఫ్టు, కిటికీలకు అద్దాలు. ఉన్నది ఉన్నట్టు అంటూనే చాలా కడుతున్నారు. గోడలను వానకు వదిలేస్తే ఇటుక నిలవదు, అందుకు కప్పు కావాల్సిందే. అంటే కట్టాలా వద్దా అన్న తగువు ఎప్పుడో తీరిపోయింది. ఏం కట్టాలన్నదే మిగిలింది. ఎలాగూ కడుతున్నప్పుడు ఉక్కు నడకదారి నిజాయితీ, గచ్చు సీలింగు అబద్ధం అనడం ఒక కాలపు అభిరుచే కాదా?

వద్దనేవారు: కొంతవరకు అభిరుచే. డార్బీషైర్‌లో కాల్క్ ఆబీ 1985లో ట్రస్ట్ చేతికొస్తే, ఊడిన వాల్‌పేపర్, గదుల నిండా పేర్చిన పాత సామాను సహా దొరికింది దొరికినట్టే ఉంచారు. ఊడిన కాగితం ఇంకా ఊడకుండా చూడటానికి అక్కడ పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. కదలకుండా ఉంచడం కూడా ఒక రకం కట్టడమేనని తెలుసు. కానీ ఉక్కు నడకదారి తాను 2020ల నాటిదాన్నని దాచుకోదు. కావాలంటే ఇంకో తరం దాన్ని విప్పేసి మీ సీలింగు వేసుకోవచ్చు. మీరు గచ్చు పూశాక మళ్ళీ వెనక్కి రావడం ఉండదు. ఇటుక మీది మసి, కాలిన దూలాల గుంటలు శాశ్వతంగా మూసుకుపోతాయి.

కట్టాలనేవారు: ఇంకో తరానికి డబ్బెవరిస్తారు? బీమా ఒక్కసారే వస్తుంది, ఆ సొమ్ము ఆ ఇంటి పేరునే వచ్చింది. గచ్చు విద్య తెలిసినవాళ్ళు అప్‌పార్క్ నాటినుంచి ముసలివాళ్ళవుతున్నారు. వెనక్కి తిరగగల దారి అని మీరు పేరుపెట్టారు. అటువైపు నడిచేవాడు ఉండడు.

డబ్బు ప్రస్తావన వస్తే ఇద్దరికీ కొంచెం తప్పించుకునే అలవాటు ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో మరణపన్నులు, పనివాళ్ళ కొరత, యుద్ధకాలపు వాడకం కలిసి ఇంగ్లండు మేడల్ని వరసగా కూల్చాయి. 1974లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పెట్టిన ప్రదర్శన, పోయిన ఇళ్ళు వెయ్యికి పైనేనని లెక్కతేల్చి జనాన్ని ఉలిక్కిపడేలా చేసింది. 1937 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం తర్వాత ట్రస్ట్ ఇలాంటి ఇళ్ళను పుచ్చుకోవడం మొదలుపెట్టకపోతే ఆ లెక్క ఇంకా పెరిగేది. కారుతున్న కప్పులు ట్రస్ట్‌కు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. క్లాండన్ బీమా సొమ్ముతో వాటిని బాగుచెయ్యమని ఎవరూ అనలేరు. అలాగని ఆ ఇంటి మీద పెట్టే శ్రద్ధ తక్కిన ఇళ్ళ వాటాలోంచి తీసింది కాదని కూడా అనలేరు.

వద్దనేవారు: ఒక గది మిగిలిందని చెప్పాంగా, దాని దగ్గరికి వద్దాం. స్పీకర్స్ పార్లర్. ఆన్‌స్లో వంశం నుంచి ముగ్గురు కామన్స్ సభకు స్పీకర్లయ్యారు. వాళ్ళలో ఆర్థర్ ఆన్‌స్లో 1728 నుంచి 1761 దాకా 33 ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళ చిత్రాలు వేలాడిన గది అది. చుట్టూ అంతా కూలినా దాని సీలింగు నిలబడింది. దాన్ని మేం తాకనివ్వం, కడిగి బాగుచెయ్యండి చాలు. కాలని ఆ గదిలోంచి కాలిన హాలులోకి అడుగుపెడితే పోయిందేమిటో మీరు చెప్పకుండానే తెలుస్తుంది. మీ మార్బుల్ హాల్ కట్టేస్తే ఆ గది పది గదుల్లో ఒకటి అయిపోతుంది.

కట్టాలనేవారు: లేదా, ఆ గదినుంచి మార్బుల్ హాల్లోకి, అక్కణ్ణుంచి సెలూన్ అని పిలిచే అతిథుల గదిలోకి నడిస్తే, లియోని ఒకదాని వెనక ఒకటిగా పేర్చిన వరస మూడు గదుల మేరకైనా తిరిగి వస్తుంది. నేను అడుగుతున్నది మూడు గదులే. మెట్లెక్కి పైకి వెళ్ళాక మీ ఇటుక, మీ నడకదారి, మీ మేస్త్రీ కథ. నాకు అభ్యంతరం లేదు. నిజానికి చూడాలనే ఉంది.

వద్దనేవారు: మూడు గదులు కట్టాక నాలుగోదానికి విరాళాలు రావా? రాజీ అంటున్నారు కానీ అది జారుడుబండ. ఎక్కడో ఒక గీత గీయాలి, దాని మీద నిలబడాలి.

కట్టాలనేవారు: ఆ గీత 2016 జనవరిలోనే గీశారండీ. కింద ముఖ్యమైన గదులు మునుపటిలా, పైన కొత్తవి. నేనిప్పుడు అడిగిందీ దాదాపు అదే. పోటీ పెట్టి 2017లో వాస్తుశిల్పుల్ని ఎంచుకున్నదీ ఆ గీత మీదే. దాన్ని చెరిపింది మా పక్షం కాదు.